తడవని గోడలు

"ముందు ఓ గ్లాసు నీళ్లిప్పించండి," అంది డిటెక్టివ్.

బూట్లకి పూత వేసే దుకాణం యజమాని మొహం విప్పారింది. నీళ్లడిగిన మనిషి కూర్చుంటుంది, కూర్చున్న మనిషి చెప్పింది వింటుంది, విన్న మనిషికి ఏదో ఒకటి అంటగట్టకుండా పంపడం అతని ఒంట్లో లేదు. గ్లాసు నిండా నీళ్లు తనే పట్టి తెచ్చాడు. డిటెక్టివ్ ఆ గ్లాసు అందుకుని, ఒక్క గుక్కయినా తాగకుండా, అతని కుర్చీ వెనకున్న గోడ మీదికి నీళ్లు చిమ్మింది.

గోడ తడిసింది. లేత నీలం రంగు మీద ముదురు మరక పరుచుకుని నేల దాకా చారలు కట్టింది.

"ఇదేం పనండీ!" యజమాని ఒక్క ఉదుటున లేచాడు. "ఏదో పెద్దవారని మర్యాద చేస్తే..."

"మర్యాద అలాగే ఉంచండి. గోడ సాయంత్రానికి ఆరిపోతుంది. కూర్చోండి, మాట్లాడుకుందాం."

అది అతని గది. అయినా ఆమె కూర్చోమంటే అతను కూర్చున్నాడు. ఆమెతో పడ్డ చాలామంది అలాగే కూర్చున్నారు. పట్టుకుంటే వదలదని పోలీసులు ఆమెకి జిడ్డమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు విని ఆమె నొచ్చుకోలేదు సరికదా, నొచ్చుకోలేదన్న సంగతి వాళ్లకి తెలిసేలా చేసి వాళ్ల సరదా కూడా లేకుండా చేసింది.

తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయి మాత్రం కూర్చోలేదు. ఆమె దర్జీ. నాలుగు రోజుల కిందట అక్కను పోగొట్టుకుంది. ఆ అక్క పని చేసింది ఈ దుకాణంలోనే. సాయంత్రం పని నుంచి వచ్చి, ఊపిరి ఆడడం లేదని గుమ్మంలో కూలబడి, తెల్లారేసరికి ఆసుపత్రిలో పోయింది. అక్క మొగుడు ఇళ్లలో చెదలకీ బొద్దింకలకీ మందు కొట్టే మనిషి. ఇన్‌స్పెక్టర్‌కి ఇంకేం కావాలి? మొగుడే అన్నంలో పురుగుల మందు కలిపాడని ఆ పూటే తేల్చేసి చేతులు దులుపుకున్నాడు. అరెస్టు కాగితం కూడా రాయకుండా బావని అప్పటి నుంచీ లాకప్పులో ఉంచారు. ఈ సాయంత్రం అరెస్టు చూపించి కోర్టుకి తీసుకెళతారు. ఆ లోపల అక్క చావుకి వేరే కారణం చూపించలేకపోతే హంతకుడన్న ముద్ర పడుతుంది, ఆ తర్వాత చెరిపేవాడుండడు.

"మా బావ అలాంటివాడు కాదు మేడమ్," అని ఆ అమ్మాయి పొద్దున్న డిటెక్టివ్ ఇంటి మెట్ల మీద కూర్చుని చెప్పింది. అందరూ అనే మాటే అది. కానీ ఏడవకుండా, పళ్లు బిగించి, కోపంతో చెప్పింది. డిటెక్టివ్‌కి ఏడుపు కన్నా కోపం మీద నమ్మకం ఎక్కువ.

"మీరిక్కడ చేసే పనేమిటో చెప్పండి," అంది ఆమె యజమానితో. "నాకు సైన్సు అంతంత మాత్రం. చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పండి."

గోడ సంగతి మరిచిపోయాడతను. తన సరుకు గురించి అడిగితే శత్రువుకైనా చెప్పే రకం.

"నానో అండీ, నానో! మీటరుందా, దాన్ని వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క నానోమీటరు. మీ తల వెంట్రుక ఉంది చూశారూ, దాని మందమే ఎనభై వేల నానోమీటర్లు. ఇప్పుడు నేనీ మాట చెప్పే లోపల మీ గోరు నాలుగైదు నానోమీటర్లు పెరిగిపోయి ఉంటుంది."

డిటెక్టివ్ గోరు చూసుకుంది. "అంత చిన్నదాంతో ఎవరికేం లాభం?"

"అక్కడే ఉందండీ కిటుకంతా! అంత చిన్నదయ్యేసరికి వస్తువు గుణమే మారిపోతుంది. బంగారాన్ని అంత నలుసు చేసి నీళ్లలో కలపండి, ఎర్రగా కనిపిస్తుంది. వెండి నలుసులు మేజోళ్లలో వేస్తే కంపు పుట్టించే క్రిములు చస్తాయి. ఎండకి రాసుకునే క్రీము ఒకప్పుడు మొహానికి సున్నం కొట్టినట్టుండేది. ఇప్పుడు అందులో జింకు నలుసులు ఎంత సన్నవంటే, రాసుకున్నట్టే తెలియదు. మీ కళ్లజోడు మీద గీతలు పడకుండా ఉండే పొర అదే. ఫోను అద్దం మీద వేలిముద్ర నిలవని పొర అదే. ఎండ పడితే మురికిని తనే విరగ్గొట్టుకునే గోడ రంగులున్నాయి. మందుని తిన్నగా జబ్బు దగ్గరికే మోసుకెళ్లే నలుసులున్నాయి. పొద్దున్న లేచింది మొదలు మీరు నానోతోనే కాపురం చేస్తున్నారు, మీకే తెలియదు!"

బాగా చెప్పాడని డిటెక్టివ్ ఒప్పుకుంది, మనసులోనే. ఆమెకి మనిషి మీద అనుమానం ఉంది కానీ మాట మీద లేదు. మనిషి బుర్ర కంటికి కనిపించని చోటికి కూడా వెళ్లి అక్కడ పని చేయించుకుంటోందంటే ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది.

"మరి మీ పూత?"

అతను బల్ల కింద నుంచి తెల్లటి గుడ్డ బూటు ఒకటి తీసి, దాని మీద చల్లారిన టీ ఒంపేశాడు. టీ బంతులు బంతులుగా దొర్లి కిందున్న పళ్లెంలో పడింది. బూటు మీద మచ్చ కూడా లేదు.

"గుడ్డలో పోగు పోగుకీ కంటికి కనిపించని బొడిపెలు కట్టుకుంటాయి. నీటిచుక్కకి కాలు మోపే చోటు దొరకదు. తామరాకు చేసే పనే ఇది. బురద నిలవదు, నూనె నిలవదు, జిడ్డు కూడా నిలవదు," అని కొంటెగా నవ్వాడు.

"అది చూద్దాం," అంది డిటెక్టివ్. "దీన్ని ఎలా పూస్తారు?"

"గుడ్డతో అద్ది, తుడుస్తాం. అంతే."

"పోయినావిడా అలాగే తుడిచేదా?"

"అలాగే. ఆ రోజూ తుడిచింది. పొద్దున్న శుభ్రంగానే ఉందండీ. మధ్యాహ్నం అన్నం తింది, ఆయనగారు కట్టిచ్చిన డబ్బాలోది." డబ్బా అన్న మాటని ఒత్తి పలికాడు. "ఆ తర్వాతే దగ్గు మొదలైంది."

"దగ్గు ఇక్కడే మొదలైందా?"

అతను నాలిక కరుచుకున్నాడు. "అంటే... దగ్గు ఎవరికి రాదండీ."

"ఇక్కడ పనిచేసే రెండో మనిషి, ఈ అమ్మాయి చెప్పిన పొడుగామె ఏది? ఆవిడతోనూ మాట్లాడాలి."

"సెలవు పెట్టింది."

"అయితే పూత వేసే గది చూపించండి."

"ఇన్‌స్పెక్టర్‌గారు చూసేశారండీ ఆ గది."

"ఆయన కళ్లతో చూశారు. నేను నీళ్లతో చూస్తాను," అంటూ ఆమె బల్ల మీదున్న నీళ్ల సీసా చంకన పెట్టుకుని లేచింది.

యజమాని ఫోను చేతిలోకి తీసుకుని ఏదో నొక్కడం ఆమె చూసింది. చూడనట్టు ఊరుకుంది.

పూత గది వసారాకి అవతల, అతని గదికి ఎదురుగా ఉంది. కిటికీలు లేవు. పొడుగాటి రేకు బల్ల, దాని మీద జతలు జతలుగా బూట్లు, ఓ మూల నాలుగైదు సంచులు. గోడకి ఎత్తులో గాలి బయటికి లాగే ఫ్యాను, దానికి పలకల మూత. తలుపు పక్కన గోడకి రెండు కొక్కేలు: ఒకటి ఖాళీ, ఇంకో దానికి గుడ్డ మాస్కు వేలాడుతోంది. గది మాత్రం అద్దంలా ఉంది. బూట్ల దుమ్ము, మట్టి, జిగురు మధ్య పనిచేసే చోట అంత శుభ్రం ఎక్కడిది?

డిటెక్టివ్ సీసా మూత తీసి గోడ మీద చిమ్మింది. గోడ తడవలేదు. నీళ్లు గుండ్లలా జారి నేల మీద పడ్డాయి. నేలా తడవలేదు. ఆ గుండ్లు గచ్చు మీద దొర్లుకుంటూ బల్ల కిందికి పోయాయి. ఆమె ఈసారి గోడకున్న క్యాలెండరు మీద చల్లింది. ఉత్త కాగితం అది, అయినా ఒక్క చుక్క ఇంకలేదు. పైకి చెయ్యెత్తి దీపం గొట్టం మీద చల్లింది. అక్కడా అంతే.

"బూట్లు తుడిచారు, సరే," అంది ఆమె. గొంతు మెల్లగానే ఉంది. మెల్లగా ఉందంటే లోపల మండుతోందని ఎరిగినవాళ్లకి తెలుసు. "గోడల్నీ తుడిచారా? క్యాలెండరుని తుడిచారా? పైన దీపాన్ని తుడిచారా? మీ పనివాళ్లకి అంత తీరికా?"

యజమాని నేల మీది నీటి గుండ్లని చెప్పుతో బల్ల కిందికి తోశాడు.

"తుడిచే మందు తుడిచిన చోటే ఉంటుంది. ఇది గదంతా పట్టింది. అంటే గాలిలో తేలింది. మీరు తుడిచే మందుని తుంపర కొట్టించారు. అవునా?"

"అప్పుడప్పుడూ... ఏదో కొంచెం..."

ఇంతలో దర్జీ అమ్మాయి కొక్కెం దగ్గరికి వెళ్లి ఆగిపోయింది. "ఇది నేను కుట్టిందే మేడమ్," అంది.

పువ్వుల గుడ్డ మాస్కు. లోపల తెల్ల అస్తరు. అంచుల్లో చేతికుట్టు.

"అక్క అడిగింది. గదిలో పొగమంచులా కమ్ముతోందే, ఏదైనా కుట్టివ్వమంది. మూడు మడతలు వేసి కుట్టాను. మూడు మడతలు సరిపోతాయనుకున్నాను."

"మాస్కు కూడా ఇంటి నుంచే తెచ్చుకోవాలా మీ దుకాణంలో?" డిటెక్టివ్ యజమాని వైపు తిరిగింది.

"మేం వద్దనలేదండీ," అన్నాడతను. అదేదో పెద్ద ఉపకారం చేసినట్టు అన్నాడు. ఆ మాటకి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. వద్దనలేదట! మనిషి ప్రాణం కాపాడుకుంటానంటే వద్దనకపోవడమే ఈయన గొప్పతనం.

ఆమె చేతిరుమాలుతో మాస్కుని పట్టుకుని బయటి వైపు ఓ చుక్క వేసింది. చుక్క గుండుగా నిలబడింది. తర్వాత దాన్ని తిరగేసింది. ముక్కూ నోరూ ఆనే చోట, తెల్ల అస్తరు మీద ఇంకో చుక్క వేసింది. అదీ గుండుగానే నిలబడి, జారి, ఆమె చెప్పు మీద పడింది.

అమ్మాయి మొహం పాలిపోయింది. "లోపలికి కూడా వెళ్లిందంటే..."

"నీ కుట్టులో లోపం లేదమ్మాయ్. ముప్ఫై మడతలు వేసినా ఇది వెళ్లేది. దారానికీ దారానికీ మధ్య సందు మన కంటికి కనపడదు కానీ ఈ తుంపరకి అది సింహద్వారం."

"ఏంటి జిడ్డమ్మా, ఇక్కడా తగులుకున్నావా?"

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్. నున్నగా గీసిన గడ్డం, తళతళలాడే బూట్లు, అన్ని కేసులూ తేలిపోయిన మనిషి మొహం.

"మీరింత తొందరగా వచ్చారంటే ఈయన ఫోను బాగానే పనిచేస్తోందన్నమాట," అంది డిటెక్టివ్. "చోరీ జరిగితే మూడో రోజుకి గానీ రారే మీరు!"

"తేలిపోయిన కేసులో వేలు పెట్టి మర్యాదస్తుల్ని సతాయిస్తే రావాలి మరి. మొగుడు పురుగుల మందు కొట్టేవాడు. ఇంట్లో మందు డబ్బాలున్నాయి. అన్నం డబ్బా తోమేసి ఉంది, అంటే సాక్ష్యం కడిగేశాడు. ముందు రోజు రాత్రి 'నువ్వు చస్తావే' అని మొగుడు అరవడం పక్కింటివాళ్లు చెవులారా విన్నారు. ఇంకేం కావాలి నీకు?"

"డబ్బా తోమకుండా పెట్టుకునే ఇల్లు మీకు తెలిసుంటే చెప్పండి," అని అమ్మాయి ఎగిరిపడింది. "ఆ పనికి వెళ్లొద్దని బావ అరిచాడు. దగ్గుతోంది కదా, ఇలాగే వెళ్తే చస్తావే అన్నాడు. భయమేసి అన్నాడు!"

"నువ్వు ఊరుకో అమ్మా. పెద్దవాళ్లు మాట్లాడుతున్నారు."

"ఊరుకోదు," అంది డిటెక్టివ్. "పోయింది దాని అక్క. మీరు చెప్పండి. శవ పరీక్షలో పొట్టలో పురుగుల మందు దొరికిందా?"

"ల్యాబు నుంచి రావాలి. దొరుకుతుంది."

"పరీక్ష చేసిన డాక్టరుతో నేను మాట్లాడి వస్తున్నాను. పొట్టలో మందు వాసన కూడా లేదట. ఉన్నదంతా ఊపిరితిత్తుల్లోనే. తడిసిన స్పంజిలా నీరు పట్టి ఉన్నాయట. తిన్న విషం పొట్టని వదిలేసి అక్కడికి ఎందుకెళుతుంది?"

"అవన్నీ కోర్టులో చూసుకుంటారులే."

"ఇంకో సంగతి. ఆమెని ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఇది పురుగుల మందు కేసని డాక్టర్లకి చెప్పిందెవరు?"

ఇన్‌స్పెక్టర్ గడ్డం నిమురుకున్నాడు. "నేనే. ఇరవై ఏళ్ల అనుభవం. చూడగానే చెప్పేస్తాను."

"మీ అనుభవం తగలెయ్య! మీ మాట నమ్మి రాత్రంతా ఆమెకి పురుగుల మందుకి విరుగుడు ఎక్కించారు. ఆమెకి కావలసిన వైద్యం వేరు. మనిషి ప్రాణానికి కొట్టుకుంటుంటే, ఆ కొద్ది గంటలూ మీ అనుభవం తినేసింది!"

అమ్మాయికి ఈ సంగతి ఇప్పుడే తెలిసింది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

డిటెక్టివ్ పీట లాక్కుని ఎక్కింది. ఫ్యాను మూత పలకల మీద, గది వైపు చుక్కలు వేసింది. జారిపోయాయి. తర్వాత పలకలు తెరిచి వాటి వెనక వైపు, ఫ్యాను రెక్కల మీద నీళ్లు చల్లింది. అక్కడ నీళ్లు దుమ్ములో కలిసి నల్లటి చారలు కట్టాయి. ఆ తడి చేతివేళ్లని ఇన్‌స్పెక్టర్ మొహానికి ఎదురుగా పెట్టింది.

"చూశారా? మూతకి లోపలి వైపే పూత పట్టింది. వెనక్కి పట్టలేదు. రెక్కలకి పట్టలేదు. అంటే తుంపర కొడుతున్నంతసేపూ ఈ మూత మూసే ఉంది, ఫ్యాను ఆగే ఉంది. కిటికీ లేని గదిలో మనిషిని పెట్టి, ఉన్న ఒక్క కన్నమూ మూశారు."

"ఫ్యాను పెడితే మందంతా బయటికి లాగేస్తోందండీ!" యజమాని ఉండబట్టలేక అనేశాడు. "సగానికి సగం వృథా! అసలే ఖరీదైన సరుకు. పైగా వానలొస్తున్నాయి, కుప్పలుగా పని వచ్చి పడింది. ఒక్కో జత తుడుచుకుంటూ కూర్చుంటే ఎప్పటికి తెమిలేను? తుంపర కొట్టే గాలి గన్ను తెప్పించాను. పొగమంచులా పడుతుంది, క్షణంలో జత అయిపోతుంది. అందరూ అదే వాడుతున్నారనుకున్నాను..."

"మందు పంపినవాళ్లు ఏం చెప్పారు మీకు?"

"గుడ్డతో తుడవమన్నారు."

"వినండి ఇన్‌స్పెక్టర్‌గారూ," అంది డిటెక్టివ్. "ఈ మందు చెడ్డది కాదు. చెప్పినట్టు తుడిస్తే బూటు మీద కూర్చుంటుంది, ఎవరి జోలికీ రాదు. కానీ మన ఊపిరితిత్తుల్లో గాలి బుడగలకి లోపల పల్చటి తడి పొర ఉంటుంది. ఆ పొర ఉండబట్టే బుడగలు అతుక్కుపోకుండా తెరుచుకుంటాయి. తడిని నిలవనివ్వని మందుని పొగమంచులా చేసి అక్కడికి పంపితే ఏమవుతుంది? బూటు మీద నీళ్లకి ఏ గతి పట్టిందో ఆ పొరకీ అదే గతి. గాలి పీలుస్తున్నా ఊపిరి అందదు. ఆవిడ ఇంటి గుమ్మంలో కూలబడింది అందుకు. చిన్నదానిలో దోషం లేదు. దాన్ని చేతబట్టుకున్న పెద్దమనిషి ఆశలో ఉంది."

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. మొహం కాస్త మాడింది కానీ వెనక్కి తగ్గే అలవాటు లేదు. "సరే. నువ్వన్నదే నిజమనుకుందాం. అయితే ఇది ప్రమాదం. ఈయనకి మాత్రం ఏం తెలుసు, పాపం!"

"పాపమా? రండి చూపిస్తాను."

ఆమె వాళ్లని గది దాటించి యజమాని గది తలుపు ముందు నిలబెట్టింది. తలుపు చుట్టూ నల్ల రబ్బరు పట్టీ, కొత్తది, ఇంకా జిగురు వాసన పోలేదు. తలుపు బయటి వైపు నీళ్లు చల్లింది. జారిపోయాయి. రబ్బరు మీద చల్లింది. జారిపోయాయి. తలుపు తెరిచి లోపలి వైపు చల్లింది. చెక్క తడిసి నల్లబడింది.

"ఇందాక మీ గోడ ఎందుకు పాడుచేశానో తెలిసిందా?" అంది యజమానితో. "తుంపర ఈ వసారా దాకా వచ్చింది, మీ తలుపు దాకా వచ్చింది, తలుపు దాటలేదు. రబ్బరు ఎప్పుడు పెట్టించారు?"

అతను తలుపు పిడి పట్టుకుని మూయబోయాడు.

"నాకు తెలుసు," అంది అమ్మాయి. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పింది. "కొత్త గన్ను వచ్చిన రోజే పొడుగామెకి దగ్గు పట్టుకుందట. రెండు రోజులు పనికి రాలేదు. అప్పుడే సారు తలుపు బాగుచేయించుకున్నారని అక్క ఇంట్లో చెప్పింది. ఏసీ చల్లదనం పోకుండా అనుకున్నాం మేము."

"మీకు భయమేసింది," డిటెక్టివ్ యజమాని మొహంలో మొహం పెట్టి అంది. "ఒకామె దగ్గింది, మీకు భయమేసింది. ఆ భయంతో ఏం చేశారు? మీ తలుపుకి రబ్బరు కట్టుకున్నారు. ఆ తర్వాత కూడా ఇంకొకావిడని ఆ గదిలోకి పంపి, ఫ్యాను ఆపి, మూత మూశారు. చెప్పండి, దీన్ని ప్రమాదమంటారా? ఆవిడ చెల్లెలు ఇక్కడే ఉంది. ఆ మాట దాని మొహం చూసి అనండి!"

అతను అనలేదు.

డిటెక్టివ్ చేతిలో సీసా ఊగి కాసిని నీళ్లు ఇన్‌స్పెక్టర్ కాళ్ల మీద పడ్డాయి. అతని బూట్ల మీద నుంచి ముత్యాల్లా దొర్లిపోయాయి. డిటెక్టివ్ వాటి వంక చూసింది, తర్వాత అతని వంక చూసింది.

"బూట్లకి పూత వేయించుకుంటే నేరమా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ విసురుగా.

"నేరం కాదు. కేసులో ఉన్నవాడి దగ్గర ఊరికే వేయించుకుంటే మాత్రం ఏమంటారో మీ పైవాళ్లని అడగాలి. అందుకేనా ఈయన మీకు మర్యాదస్తుడు?" అని, ఆమె ఏదో తట్టినట్టు పూత గదిలోకి చూసింది. ఇందాకటి ఖాళీ కొక్కెం. దాని కింద గోడ మీద గొట్టం చుట్ట ఒరుసుకున్న గుర్తు. "గన్ను ఏది? ఇక్కడ వేలాడేది గన్నే కదా? ఏమైంది?"

యజమాని కళ్లు ఇన్‌స్పెక్టర్ వైపు వెళ్లాయి.

"నా వైపు చూస్తావేంటి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పొడుగామె సెలవులో లేదు, అంతేనా?" డిటెక్టివ్ గొంతు మారింది. కోపం పోయి తొందర వచ్చింది. "గన్ను ఇచ్చి ఆవిడని ఎవరింటికి పంపారు? చెప్పండి!"

"సారే అడిగారండీ," యజమాని గొణిగాడు. "సోఫాలకీ, తివాచీకీ, కర్టెన్లకీ వెయ్యమన్నారు. పొద్దున్నే పంపాను. దుమ్ము పడకుండా తలుపులూ కిటికీలూ గట్టిగా మూసుకుని కొట్టమని చెప్పాను."

ఇన్‌స్పెక్టర్ ఫోను తియ్యబోయి జారవిడిచి, వంగి తీసుకుని నొక్కాడు. మోగుతూనే ఉంది. అతను అక్కడక్కడే తిరుగుతున్నాడు. చివరికి భార్య పలికింది. ఆమె మాట ఫోను దాటి అందరికీ వినపడింది.

"అయిపోయిందండీ, భలే ఉంది. నీళ్లు పోస్తే ముత్యాల్లా జారిపోతున్నాయి. ఆ పొడుగామెకే ఏమిటో నీరసంగా ఉందని గుమ్మంలో కూర్చుంది. అత్తయ్యగారు వద్దన్నా వినకుండా అక్కడే సోఫాలో కూర్చుని చూశారు, ఇప్పుడు ఒకటే దగ్గు. కాస్త వేడినీళ్లు పడితే..."

"కిటికీలు తెరు!" అరిచాడతను. "అన్నీ తెరు! అమ్మని బయటికి తీసుకురా, ఇద్దర్నీ తీసుకురా, నువ్వూ వచ్చెయ్! ఎందుకని అడక్కు!"

డిటెక్టివ్ అప్పటికే తన ఫోనులో అంబులెన్సుకి చెప్పి, ఆసుపత్రి డాక్టరుని పిలిచింది. ఫోను ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టింది.

"ఇల్లు మీది, మీరే చెప్పండి. ఈసారి పురుగుల మందని చెప్పకండి."

అతను ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ల అనుభవం ఎక్కడికో పోయింది. ఇప్పుడు మిగిలింది ఒక కొడుకు, అంతే.

"డాక్టరుగారూ, ఇద్దరు వస్తున్నారు. మా అమ్మ, ఇంకో మనిషి... పూత మందండీ. బూట్లకీ సోఫాలకీ వేసేది. తుడవాల్సిన మందుని మూసిన గదిలో తుంపర కొట్టారు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. కాదండీ, తిన్నది కాదు, పీల్చింది. మొన్న పోయినావిడ... అవునండీ. ఆవిడదీ ఇదే."

ఆ మాట అన్నాక అతను ఆగిపోయాడు. ఏం అన్నాడో, ఎవరి ముందు అన్నాడో తెలిసింది.

దర్జీ అమ్మాయి అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆ రాత్రి మా బావ ఆసుపత్రిలో మీ కాళ్లు పట్టుకుని ఇదే మాట చెప్పాడు సార్," అంది. "చెప్పినందుకు చెంప పగలగొట్టి జీపెక్కించారు. వెళ్లండి. దారిలో స్టేషన్‌కి ఫోను చేసి తాళం తియ్యమనండి. మీ అమ్మగారి దగ్గర మీరైనా ఉండాలి కదా, మా అక్క దగ్గర మా బావని ఉండనివ్వలేదు."